తీరానికి చట్టసభ ఎంత దూరం?

వేట విరామం నుంచి రొయ్యల చెరువు దాకా ఏది ఎక్కడ తేలుతుంది? మన మాట ఏ గుమ్మం దగ్గర వినిపించాలి?

నెల్లూరు: ఏటా ఏప్రిల్ 15 రాగానే నెల్లూరు తీరంలో మర పడవలు, మోటారు పడవలు ఒడ్డుకు చేరతాయి. జూన్ 14 వరకు, అంటే 61 రోజులపాటు వాటికి వేట లేదు. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాళెం.. ఎక్కడికి వెళ్లినా వలలు అల్లుకునేవారు, ఇంజిన్లు విప్పి బాగుచేసుకునేవారు కనిపిస్తారు. ఈ 61 రోజుల లెక్క ఎవరు తేల్చారని అడిగితే మాత్రం ఎక్కువమంది నోట వచ్చే జవాబు ఒక్కటే: గవర్నమెంటు.

ఆ జవాబు తప్పు కాదు గానీ దానితో పని జరగదు. ఏ ప్రభుత్వం, ఏ చట్టం కింద, ఎవరి ఆమోదంతో అన్నది తెలియకపోతే మార్చమని అడగడానికి ఎక్కడికి వెళ్లాలో కూడా తెలియదు. 2024 సాధారణ ఎన్నికల్లో రాష్ట్రంలో 81 శాతానికి పైగా ఓటర్లు ఓటు వేశారు. దేశంలో చాలా రాష్ట్రాలకు ఇది అందని అంకె. అంత ఉత్సాహంగా ఓటు వేసి పంపిన సభలో తర్వాత ఐదేళ్లు ఏం జరుగుతున్నదో చూసేవారు మాత్రం తక్కువ. తీరప్రాంతానికి ఈ అశ్రద్ధ మరింత ఖరీదైనది. సముద్రం, ఇసుక, ఉప్పునీటి కాలువ, చెరువు, చివరకు గుడిసె ఉన్న దిబ్బ కూడా ఏదో ఒక చట్టం పరిధిలోనివే.

సముద్రానికీ సరిహద్దులు

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. చేపల వేట రాష్ట్ర జాబితాలోని 21వ అంశం. కాబట్టి ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు వేటపై చట్టం చేయవలసింది రాష్ట్ర శాసనసభే. ఆ గీత దాటిన తర్వాత వేట కేంద్ర జాబితాలోని 57వ అంశం. అక్కడ పార్లమెంటుదే అధికారం. నీటి మీద గీత కనపడదు, చేపకు అసలే తెలియదు. పడవలో ఉన్నవారికి మాత్రం గీతకు ఇవతల ఒక చట్టం, అవతల మరొకటి.

ఇవతలి నీళ్లకు వర్తించేది 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం. పడవల రిజిస్ట్రేషన్, లైసెన్సులు, ఏ పడవ ఎక్కడ వేటాడాలి, ఏ కాలంలో ఆగాలి అన్న అధికారాలన్నీ దాని నుంచే వచ్చాయి. ఏటా వేట విరామంపై రాష్ట్ర మత్స్యశాఖ ఇచ్చే ఉత్తర్వు ఈ చట్టం ఇచ్చిన అధికారంతోనే వెలువడుతుంది. అవతలి నీళ్లకు కేంద్రం విడిగా ఉత్తర్వు ఇస్తుంది. అంతకు ముందు 47 రోజులుగా ఉన్న విరామాన్ని 2015లో కేంద్రం 61 రోజులకు పెంచింది. రాష్ట్రాలు అదే గడువును అనుసరిస్తున్నాయి. అంటే 61 అన్న అంకె ఏ సభలోనూ ఓటింగుకు వచ్చింది కాదు. సభలు చేసిన చట్టాలు అధికారులకు అధికారం ఇచ్చాయి, అధికారులు అంకె వేశారు. ఈ తేడా చిన్నదిగా తోచవచ్చు. గడువు మార్చమని కోరేవారికి ఇదే అసలు సంగతి. చట్టం మార్చాలంటే సభ్యులను కదిలించాలి. ఉత్తర్వు మార్చాలంటే శాఖను ఒప్పించాలి.

విరామ కాలంలో ఇచ్చే సాయం సంగతి వేరు. మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే ఈ భృతి 2019లో 4,000 రూపాయల నుంచి 10,000కు, 2025లో 20,000కు పెరిగింది. ఇది పథకం. బడ్జెట్‌లో మత్స్యశాఖ పద్దు కింద ఏటా కేటాయించి, శాసనసభ ఆమోదం పొందిన తర్వాతే ఖర్చు చేయాలి. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం పద్దును ఆమోదించే, తిరస్కరించే, తగ్గించే అధికారం సభకు ఉంది. పెంచే అధికారం లేదు. పద్దులపై ఓటు శాసనసభదే, మండలికి ఆ ఓటు లేదు. అందువల్ల వేట భృతి గురించి మాట్లాడవలసిన సమయం ఏప్రిల్ కాదు, పద్దులు చర్చకు వచ్చే బడ్జెట్ సమావేశాలు. ఆ సమావేశాలకు ముందు తమ శాసనసభ్యుడిని కలిసే మత్స్యకార సంఘాలు ఎన్ని?

సోనాబోట్ల తగవు ఎవరు తీర్చాలి?

నెల్లూరు తీరంలో దశాబ్దాలుగా తెగని తగవు సోనాబోట్లది. తమిళనాడులోని కడలూరు తదితర ప్రాంతాల నుంచి వచ్చే పెద్ద మర పడవలు ఒడ్డుకు దగ్గరగా వేటాడుతున్నాయని, చిన్న పడవల వలలు తెగిపోతున్నాయని ఇక్కడి మత్స్యకారుల ఆవేదన. పడవలను పట్టుకుని ఒడ్డుకు తేవడం, రెండు రాష్ట్రాల అధికారులు వచ్చి రాజీ కుదర్చడం, కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

దీనికి చట్టం లేదనుకుంటే పొరపాటు. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న నీళ్లు సంప్రదాయ పడవలకు కేటాయించినవి. మర పడవలు ఆ దూరం దాటి వెళ్లాలి. పడవ ఏ రాష్ట్రానిదైనా మన ప్రాదేశిక జలాల్లోకి వస్తే మన చట్టమే వర్తిస్తుంది. లోపించింది అమలు. గస్తీ పడవలు ఎన్ని, అవి నీళ్లలో ఎన్ని రోజులు తిరిగాయి, ఎన్ని కేసులు నమోదయ్యాయి, జరిమానా ఎంత వసూలైంది అన్న లెక్కలు బయటకు రావాలి. వాటిని ప్రభుత్వం నుంచి రాబట్టడానికి చట్టసభలో ఉన్న పనిముట్టు ప్రశ్న.

సభ్యుడు అడిగే ప్రశ్నల్లో నక్షత్ర గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి; దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వక సమాధానం వస్తుంది. టీవీలో కనిపించేది మొదటి రకమే కాబట్టి రెండోది చిన్నదన్న అభిప్రాయం ఉంది. నిజానికి అంకెలు, తేదీలు, మండలాలవారీ వివరాలు కావలసినప్పుడు రెండోదే మేలు. మంత్రి ఇచ్చిన జవాబు సభా రికార్డులో ఉండిపోతుంది. 'పరిశీలిస్తాం', 'చర్యలు తీసుకుంటాం' అని మంత్రి మాట ఇస్తే, ఆ మాట నెరవేరిందో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని విడిగా ఒకటి ఉంటుంది. హామీ ఇచ్చిన తేదీ గుర్తుపెట్టుకుని దాని సంగతి ఏమైందని అడిగేవారు ఉంటే ఆ కమిటీకీ పని ఉంటుంది.

ఇందులో అంకెల ఇబ్బంది ఒకటుంది. నెల్లూరు తీరం కావలి, కోవూరు, సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట నియోజకవర్గాల్లో విస్తరించి ఉంది. 175 మంది ఉన్న సభలో ఇది ఐదుగురి గొంతు. 2009 ఎన్నికల నుంచి అమలైన పునర్విభజనలో అల్లూరు నియోజకవర్గం రద్దయి, అల్లూరు మండలం కావలిలో కలిసింది. ఆ ఐదు నియోజకవర్గాల్లోనూ తీరగ్రామాల ఓట్ల కంటే మెట్ట, డెల్టా, పట్టణాల ఓట్లే ఎక్కువ. కనుక కాలువ నీళ్లు, ధాన్యం ధర సభలో వినిపించినంతగా వల, పడవ వినిపించకపోవడంలో వింత లేదు. శ్రీకాకుళం నుంచి తడ వరకు తీర నియోజకవర్గాల సభ్యులు పార్టీలకు అతీతంగా ఒకే ప్రశ్నపై లేచి నిలబడితే తప్ప ఈ లోటు తీరదు. సభ్యులను అలా నిలబెట్టగలిగేది వారి నియోజకవర్గాల్లోని సంఘాలే.

ఎమ్మెల్యే అంటే ఎవరు?

ఎమ్మెల్యే ఇంటి ముందు ఉదయం కనిపించే జనం చేతుల్లోని అర్జీలు చదివితే మన దృష్టిలో ఆయన ఎవరో తెలుస్తుంది. పింఛను, ఇంటి పట్టా, ఆసుపత్రి ఖర్చు, బదిలీ, పోలీసు స్టేషన్‌కు ఒక మాట. ఇవన్నీ నిజమైన అవసరాలే. అయితే వీటిలో ఎక్కువ భాగం అధికారుల పని. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేది అందుకే. శాసనసభ్యుడికి రాజ్యాంగం అప్పగించిన పనులు మూడు: చట్టం చేయడం, ఖర్చుకు అనుమతి ఇవ్వడం, ప్రభుత్వాన్ని లెక్క అడగడం. ఈ మూడింటి గురించి ఆయనను అడిగేవారు లేకపోతే ఆయన మాత్రం ఎందుకు తలకెత్తుకుంటారు? సభలో ఎన్ని ప్రశ్నలు వేశారన్నది ఇంతవరకు మన పల్లెల్లో ఎన్నికల ప్రచారాంశం కాలేదు.

సభ కూడా ఎక్కువ రోజులు జరగదు. 174వ అధికరణం ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండకూడదు. ఏడాదికి కనీసం ఇన్ని రోజులు కూర్చోవాలన్న నియమం మాత్రం రాజ్యాంగంలో లేదు. సభ జరగడానికి సభ్యుల్లో పదోవంతు హాజరైతే చాలు. మన సభకు ఆ లెక్క 18 మంది. అనుమతి లేకుండా 60 రోజులపాటు సమావేశాలకు రాని సభ్యుడి స్థానం ఖాళీ అయినట్లు సభ ప్రకటించవచ్చని 190వ అధికరణం చెబుతోంది. ఆ 60 రోజుల లెక్కలో సభ వాయిదాపడి వరుసగా నాలుగు రోజులు దాటిన కాలం చేరదు. కూలికి ఒక్కరోజు ఎగనామం పెడితే ఆ రోజు డబ్బులు పోయేవారికి ఈ వెసులుబాటు ఆశ్చర్యంగానే ఉంటుంది.

శాసనమండలి గురించి రెండు మాటలు. 58 మంది సభ్యులున్న మన మండలిలో 20 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు, 20 మందిని ఎమ్మెల్యేలు, ఐదుగురిని పట్టభద్రులు, ఐదుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన 8 మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు. 1985లో రద్దయిన మండలి 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరి 27న దాన్ని రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మండలి మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అడ్డుకోలేదు. ఆ కొద్ది నెలలు బిల్లును బయటివారు చదివి అభ్యంతరం చెప్పడానికి దొరికే వ్యవధి అనుకోవచ్చు.

చదువు నేర్చుకున్న చేతులు

చట్టసభను ఊరు కదిలించిన కథ కోసం దూరం పోనక్కర్లేదు. అది తీరంలో కాక మెట్టలో పుట్టింది. కలిగిరి మండలం దూబగుంటలో 1990 దశకం తొలినాళ్లలో అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రి బడులకు వచ్చిన మహిళలు వాచకంలోని సీతమ్మ కథ అనే పాఠం చదివి, తమ ఊరి సారా దుకాణం ఎందుకు ఉండాలని అడిగారు. మూయించారు కూడా. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరికీ పాకిన ఆ ఉద్యమం జిల్లాలో సారా పాటలను ఆపింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది ఇదే తీరంలోని వాకాడు. ప్రభుత్వ ఆదాయంలో సారా పద్దు ఎంత బరువైనదో ఆయనకు తెలుసు, ఇళ్లలో దాని బరువు ఎంతో ఆ మహిళలకు తెలుసు.

సాధారణంగా ఈ కథను పోరాటంగానే చెప్పుకొంటాం. చట్టం వైపు నుంచి చూస్తే మరో పాఠం ఉంది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోను, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా విక్రయాలు ఆగింది ప్రభుత్వ నిర్ణయంతో. సారా పాటలు పాడాలా వద్దా అన్నది ప్రభుత్వం చేతిలోని పని. దానికోసం కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మొత్తం మద్యానికి నిషేధం అన్నప్పుడు అది సరిపోదు. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే సంపూర్ణ నిషేధం దస్త్రంపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలుకు వచ్చింది. దాన్ని నిలబెట్టడానికి శాసనసభ 1995లో మద్యనిషేధ చట్టం చేసింది.

తర్వాతి మలుపు చాలామంది గుర్తుపెట్టుకోనిది. 1997లో నిషేధం ఎత్తివేశారంటాం. చట్టాన్ని రద్దు చేయలేదు, సభలో సవరించారు. లైసెన్సు ఉన్న మద్యానికి దారి ఇచ్చి, సారాపై నిషేధాన్ని అలాగే ఉంచారు. నేటికీ నాటుసారా కేసుల్లో పోలీసులు నమోదు చేసేది ఆ 1995 చట్టం సెక్షన్లనే. వీధుల్లో గెలిచినదాన్ని సభలో ఒక సవరణ సగానికి తగ్గించింది. ఉద్యమానికి రాత్రింబవళ్లు కాపలా ఉన్న ఊళ్లు సవరణ బిల్లుకు కాపలా ఉండలేకపోయాయి. సవరణ బిల్లు చూడటానికి నాలుగు పేజీలే ఉండవచ్చు. 'ఫలానా సెక్షనులో ఫలానా మాటలకు బదులు' అన్నట్లు సాగే దాని భాష సామాన్యుడిని దరిచేరనివ్వదు.

రొయ్య చెరువు చుట్టూ మూడు సభలు

అదే కాలంలో తీరంలో మరో మార్పు మొదలైంది. వరి మడులు, పోరంబోకులు, కాలువ గట్లు రొయ్యల చెరువులయ్యాయి. డబ్బు వచ్చింది, బావుల్లో ఉప్పూ చేరింది. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్.జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. రొయ్యల చెరువు పరిశ్రమ కిందకే వస్తుందని, 1991 నాటి తీర నియంత్రణ ప్రకటన ప్రకారం నిషిద్ధ ప్రాంతంలో దానికి చోటు లేదని న్యాయమూర్తులు కుల్‌దీప్ సింగ్, ఎస్.సగీర్ అహ్మద్ తేల్చారు. సంప్రదాయ పద్ధతి సాగును మినహాయించి మిగిలిన చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలన్నారు. పులికాట్, చిలికా సరస్సుల చుట్టూ 1,000 మీటర్ల లోపల రొయ్యల సాగు వద్దన్నారు.

ఆ గడువు దాటింది, చెరువులు నిలిచాయి. తీర్పుపై పునఃపరిశీలన పిటిషన్లు పడ్డాయి. తర్వాత పార్లమెంటు 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర్పుకు ఆధారమైన 1991 ప్రకటన రొయ్యల సాగుకు వర్తించదని ఆ చట్టంలోనే రాసింది, అదీ 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించనట్లుగా. కోర్టు తీర్పును చట్టసభ నేరుగా కొట్టివేయలేదు. తీర్పు నిలబడిన నేలను మాత్రం మార్చగలదు. దీని మంచిచెడ్డలపై రైతుకు ఒక అభిప్రాయం, చెరువు పక్కన మంచినీళ్లు కొనుక్కునే కుటుంబానికి మరో అభిప్రాయం ఉండటం సహజం. ఇద్దరికీ సభలో గొంతు ఉందా అన్నదే ప్రశ్న. సాగుదారులకు, ఎగుమతిదారులకు సంఘాలున్నాయి, ఢిల్లీ దాకా వెళ్లగలరు. ఉప్పుబావి యజమానికి సంఘం లేదు.

2005 చట్టం ప్రకారం అలల పోటు గీతకు, ఉప్పుటేళ్లకు 2 కిలోమీటర్ల లోపలి చెరువులన్నీ రిజిస్టరు కావాలి. ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు ఉండేది. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన సవరణ జైలుశిక్షను తీసేసి, జరిమానాతో సరిపెట్టింది. ఇక లోపలి చెరువులకు, మేత నాణ్యతకు రాష్ట్ర శాసనసభ 2020లో విడిగా చట్టాలు చేసింది. ఒకే ఊళ్లో రోడ్డుకు ఇటు చెరువు రాష్ట్రం కిందికి, అటు చెరువు కేంద్ర సంస్థ కిందికి రావచ్చు. ఫిర్యాదు రాసేముందు ఏ చెరువు ఏ చట్టం కిందిదో తెలుసుకోకపోతే కాగితం బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

కేంద్రం ఏదైనా బిల్లు తేవాలనుకుంటే ముందుగా ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని 2014 ఫిబ్రవరిలో ఒక విధానం ప్రకటించింది. అది విధానమే, చట్టం కాదు. అందుకే అన్ని బిల్లులకూ పాటించడం లేదు. పాటించినప్పుడైనా ముసాయిదా మన భాషలో దొరకడం అరుదు.

సభలో ఓటు పడని శాసనాలు

తీరగ్రామాల బతుకును ఎక్కువగా తాకేవి సభలో చర్చించి చేసిన చట్టాలు కావు, వాటి కింద వెలువడిన ప్రకటనలు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో, 2011లో, 2019లో తీర నియంత్రణ ప్రకటనలు వచ్చాయి. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఏం కట్టవచ్చు, ఏం కట్టకూడదు అని చెప్పేవి ఇవే. పల్లెల్లో 200 మీటర్ల వరకు ఉన్న నిర్మాణ నిషిద్ధ ప్రాంతాన్ని, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట్ల 50 మీటర్లకు తగ్గించింది 2019 ప్రకటన. దాని ముసాయిదా 2018 ఏప్రిల్‌లో వెలువడింది. అభ్యంతరాలకు 60 రోజులు ఇచ్చారు. ఆ 60 రోజుల్లో వేట విరామ కాలమూ ఉంది. పట్టపుపాళేల్లో జనం ఒడ్డునే ఉన్నారు, ముసాయిదా మాత్రం అక్కడిదాకా రాలేదు.

జిల్లా హద్దుల సంగతీ ఇంతే. 2022 ఏప్రిల్ 4న సూళ్లూరుపేట, తడ తీరం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. దీనికి శాసనసభలో ఓటింగ్ అవసరం పడలేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే ముందుగా ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించాలన్నది అదే చట్టం పెట్టిన షరతు. 2022 జనవరిలో ముసాయిదా వచ్చినప్పుడు జిల్లా అంతటా అర్జీలు, ఆందోళనలు సాగాయి. జిల్లా పేరు, కేంద్రం అనగానే కదిలినంతగా తీర నియంత్రణ అన్నప్పుడు కదలలేదు. ఒకటి గుండెకు తగిలే మాట, రెండోది పటం మీద గీత. ఇంటి పునాదిని నిర్ణయించేది మాత్రం రెండోదే.

పట్టపుపాళేలకు తమ సొంత సభ ఎప్పటి నుంచో ఉంది. కాపులు కూర్చుని చెప్పిన కట్టుబాటును దురాయి అంటారు. వేటకు ఎవరు ఎప్పుడు వెళ్లాలి, ఏ వల వాడకూడదు, తగవు ఎలా తీరాలి అన్నవి అక్కడ తేలతాయి. సముద్రం మీద బతికేవారికి ఆ క్రమశిక్షణ అవసరమే. కానీ ఆ పెద్దల మధ్య ఆడవారు కూర్చోరు. చేపలు అమ్మి ఇల్లు నడిపేది మాత్రం వారు. ఎన్నికల వేళ ఊరంతా ఒకే గుర్తుకు వేయాలన్న కట్టుబాటు పెడితే అది దురాయి పరిధి దాటినట్లే. కులం నుంచి వెలి వేస్తామని ఓటరును బెదిరించడాన్ని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ అనుచిత ప్రభావంగా పేర్కొంది. ఓటు రహస్యం, భర్తకైనా, కాపుకైనా చెప్పనక్కర్లేదు.

పందిరి కింద ప్రజాభిప్రాయం

థర్మల్ కేంద్రమో, రేవు విస్తరణో, రసాయన పరిశ్రమో రావాలంటే తీరంలో ఒక పందిరి వేస్తారు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ అది. కృష్ణపట్నం చుట్టుపక్కల గ్రామాలకు ఈ పందిళ్లు కొత్త కాదు. పోలీసు బందోబస్తు, నాయకుల ప్రసంగాలు, ఉద్యోగాలిస్తామన్న మాటలు, వద్దన్న నినాదాలు.. మరుసటి రోజు పత్రికలో ఒక ఫొటో.

నిబంధనలు చదివితే ఈ సభ అంత తేలికైనదిగా కనిపించదు. కలెక్టరు లేదా ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్‌కు తగ్గని అధికారి అధ్యక్షత వహించాలి. కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్, జిల్లా పరిషత్ తదితర కార్యాలయాల్లో చూడటానికి ఉంచాలి. దాని సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సభకు రాలేనివారు రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు. అక్కడ ఓటింగ్ ఉండదు, ఎక్కువమంది వద్దన్నంత మాత్రాన ప్రాజెక్టు ఆగదు. అయితే లేవనెత్తిన ప్రతి అంశానికీ సంస్థ జవాబు రాయాలి. ఆ జవాబును నిపుణుల కమిటీ చూడాలి. 'మాకు వద్దు' అన్న మాటకు రాసే జవాబు ఒక్క వాక్యంలో ముగుస్తుంది. 'మీ వేడినీళ్లు ఏ కాలువలో వదులుతారు, అక్కడ మేము వల వేసే నెలలు ఇవి' అన్న ప్రశ్నకు అలా ముగించలేరు.

ఈ సభకు కోరం లేదు. ఒక్కరు వచ్చినా మొదలుపెట్టవచ్చని ప్రకటనలోనే ఉంది. చర్చ ముగిశాక అభ్యంతరాల సారాంశాన్ని సభికులకు స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఒప్పుకున్న కార్యక్రమ వివరాలపై అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం చేయాలి. ఎవరి మాటైనా అందులో చేరకపోతే చెప్పవలసిన సమయం అది. ఉదయం నుంచి కూర్చున్నవారిలో ఎక్కువమంది ఆ వేళకు భోజనానికో, బస్సుకో వెళ్లిపోయి ఉంటారు. చదివేది వినడానికి ఊరికి ఇద్దరైనా, చేతిలో కాగితం, కలంతో చివరి వరకు ఉండాలి.